చిన్న కారు వెనుక ఉన్న పెద్ద చరిత్ర

పోయిన సంవత్సరం మా బడి ప్రదర్శనలో నేను ఒక అంబాసిడర్ కారు నమూనా పెట్టాను. పొడవు 24 సెంటీమీటర్లు, రంగు తెలుపు. చూడడానికి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, తలుపు తెరిచి, సీట్లు చూసి, "చాలా బాగుంది పాపా. ఇందులో నువ్వు చేసింది ఎంత?" అని అడిగారు.

ఆయన ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. కానీ నాకు నోట మాట రాలేదు. కారు ఒళ్ళు మా తాత కొయ్యతో చెక్కింది. మా నాన్న చిన్నప్పుడు ఆయన కోసం చేసిందట. వెనక బంపరు, ముందు దీపాల చుట్టూ ఉండే రింగులు మాత్రం నేను రెజిన్‌తో పోత పోశాను. బంపరు మూలం నాదే కానీ రింగుల మూలం మళ్ళీ తాతదే. మరి నాది అని ఎంత చెప్పుకోవాలి? "కొంచెం సార్" అని చెప్పి తల దించుకున్నాను. ఇంటికి వెళ్ళినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఈ సంవత్సరం మా సోషల్ టీచర్ "మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు చరిత్ర రాయండి" అన్నప్పుడు నేను ఈ కారునే ఎంచుకున్నాను. వెదుకుతూ పోతే ఆ చరిత్ర మా ఇంటి నుంచి డెట్రాయిట్ దాకా, అక్కడి నుంచి మొహెంజొదారో దాకా పోయింది. తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

కొలత నుంచి మొదలు

నమూనా కారు వేరు, ఆటబొమ్మ కారు వేరు. బొమ్మ కారుకు నాలుగు చక్రాలుండి పరుగెత్తితే చాలు. నమూనాకు లెక్క ఉండాలి. అసలు కారులోని ప్రతి కొలతనూ ఒకే సంఖ్యతో భాగించి చేస్తేనే అది నమూనా. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. దాన్ని 18తో భాగిస్తే దాదాపు 24 సెంటీమీటర్లు వస్తుంది. దీన్నే 1/18 స్కేలు అంటారు. ప్రపంచంలో ఎక్కువగా వాడేవి 1/18, 1/24, 1/25, 1/43. ఈ అంకెలకు కూడా చరిత్ర ఉంది. అర అంగుళాన్ని ఒక అడుగుగా లెక్కవేస్తే 1/24 వస్తుంది. 7 మిల్లీమీటర్లను ఒక అడుగుగా లెక్కవేస్తే 1/43 వస్తుంది. ఇది ఇంగ్లండ్‌లో బొమ్మ రైళ్ళకు వాడిన కొలత. రైల్వే స్టేషన్ పక్కన పెట్టుకోవడానికి అదే కొలతలో చిన్న కార్లు చేశారు. రైలు ఆట తగ్గినా ఆ కొలత మాత్రం కార్లకు మిగిలిపోయింది.

అంబాసిడర్ గురించి పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు, నా తోటివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఆధారంగా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో 1950ల చివర నుంచి 2014 దాకా తయారైంది. అంటే మన దేశపు కారు అని అందరూ చెప్పుకునే అంబాసిడర్‌కు కూడా మూలం వేరేచోట ఉంది! ఇది తెలిసినప్పుడు నా ప్రశ్న ఇంకొంచెం పెద్దదైంది.

నెపోలియన్ బండి పోటీ

చేతితో మొదటి నుంచి చివరి దాకా నమూనా కట్టడంలో అన్నిటికంటే పెద్ద కథ అమెరికాలో జరిగింది. డెట్రాయిట్‌లో ఫిషర్ అన్నదమ్ములని ఉండేవాళ్ళు. వాళ్ళది గుర్రపు బండ్లు చేసే కుటుంబం. 1908లో ఫిషర్ బాడీ అనే కంపెనీ పెట్టి కార్లకు ఒళ్ళు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 1926 నాటికి ఆ కంపెనీ పూర్తిగా జనరల్ మోటార్స్ చేతిలోకి వెళ్ళింది. కంపెనీ గుర్తు మాత్రం కారు కాదు, నెపోలియన్ కాలంనాటి రాజుల గుర్రపు బండి.

1930లో ఆ కంపెనీ మగపిల్లల కోసం ఒక పోటీ పెట్టింది. దాని పేరు ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్. మొదట్లో 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళు చేరవచ్చు. కంపెనీ గుర్తులో ఉన్న ఆ గుర్రపు బండినే 1/18 స్కేలులో కట్టాలి. (మా తాత కారు స్కేలు కూడా అదే! తాతకు ఈ పోటీ సంగతి తెలియదు. కొయ్య ముక్క ఎంత పొడవుందో అంతకు సరిపోయేలా కొలత పెట్టుకున్నాడట.) కంపెనీ బొమ్మగీతలు ఉచితంగా పంపేది. తక్కిన పనంతా పిల్లవాడిదే. తలుపులు తెరుచుకోవాలి, మెట్లు మడతపడాలి, చక్రాల ఆకులు ఒక్కొక్కటి విడిగా చెక్కాలి, లోపల సీట్లకు గుడ్డ వెయ్యాలి, అంచులకు లోహపు నగిషీ పెట్టాలి. వడ్రంగం, కంసాలి పని, కుట్టుపని, రంగుల పని నాలుగూ ఒక్కడికే రావాలి. ఒక బండికి వందల గంటలు పట్టేది. పేరు ఇచ్చినవాళ్ళు లక్షల్లో ఉంటే పూర్తిచేసి పంపినవాళ్ళు చాలా కొద్దిమంది.

అంత కష్టం ఎందుకు పడ్డారు? కాలం చూస్తే అర్థమవుతుంది. 1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కూలింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, తండ్రుల ఉద్యోగాలు పోయాయి. అలాంటి సమయంలో 1931లో మొదటి విజేతలు నలుగురికి ఒక్కొక్కరికి 5,000 డాలర్ల కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చారు. అప్పట్లో ఆ డబ్బుతో ఎనిమిది, పది కొత్త షెవ్రొలే కార్లు కొనవచ్చు. ఒక గుర్రపు బండి బొమ్మ పిల్లవాడి జీవితాన్ని మార్చగలిగేది.

1937 నుంచి గుర్రపు బండితో పాటు సొంతంగా ఊహించిన కారు కూడా చెయ్యవచ్చు అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొద్ది రోజులకే బండి పోటీ ఆగిపోయి కార్ల పోటీ మాత్రం మిగిలింది. ఇది చిన్న మార్పు కాదు. ముందు అందరూ ఒకే బొమ్మగీతను నకలు చేశారు. తర్వాత ఎవరి ఊహ వాళ్ళది. 1947లో గెలిచిన చక్ జోర్డన్ అనే విద్యార్థి 1949లో జనరల్ మోటార్స్‌లో చేరి, 1986లో ఆ కంపెనీ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. కంపెనీ ఉద్దేశం కూడా అదే. పిల్లల మీద ప్రేమ ఒక్కటే కాదు, ప్రకటనకు ప్రకటన, రేపటి పనివాళ్ళ వెదుకులాట కూడా.

ఈ పోటీ 1968 దాకా నడిచింది. 1930 నుంచి లెక్కవేస్తే 38 సంవత్సరాలు. అన్ని సంవత్సరాలూ అది మగపిల్లలకే. చదువుతూ చదువుతూ ఈ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. నేను ఆ కాలంలో డెట్రాయిట్‌లో పుట్టి, తాత లాంటి తాతే ఉండి, ఎంత బాగా చెక్కినా నా బండిని లోపలికి తీసుకునేవాళ్ళు కాదు. విచిత్రం ఏమిటంటే 1943లో అదే జనరల్ మోటార్స్ హెలెన్ రోథర్ అనే ఆవిడను ఉద్యోగంలో పెట్టుకుంది. నాజీలు పారిస్‌ను ఆక్రమించినప్పుడు కూతురిని తీసుకుని తప్పించుకుని వచ్చిన ఆవిడ. కార్ల లోపలి భాగం, అంటే సీట్లు, గుడ్డలు, రంగులు ఆవిడ పని. బయటి ఒళ్ళు మగవాళ్ళది, లోపలి గుడ్డ ఆడవాళ్ళది అన్నమాట.

ఇది చదివిన రోజు రాత్రి మా అంబాసిడర్ తలుపు తెరిచి చూశాను. లోపల సీట్లకు ఎర్ర పూల గుడ్డ ఉంది. "అవ్వా, ఇది ఎవరు కుట్టినారు?" అని అడిగితే అవ్వ నవ్వి, "ఇంకెవరు? నా రవిక గుడ్డ మిగిలింటే నేనే కుట్టిస్తిని" అంది. పదిహేనేళ్ళుగా ఆ కారును చూస్తున్నాను. ఎవరూ ఆ సంగతి నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ప్లాస్టిక్ కిట్లు వచ్చాక

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్ చౌక అయింది. అమెరికాలో కార్ల షోరూములలో కొత్త కారు రంగులు చూపించడానికి 1/25 స్కేలులో ప్లాస్టిక్ నమూనాలు ఇచ్చేవాళ్ళు. అలాంటివి చేసే కంపెనీలలో ఏఎంటీ ఒకటి. 1958లో ఆ కంపెనీ విడి భాగాల పెట్టెలు అమ్మింది. ఒకే పెట్టెలోని ముక్కలతో కారును మూడు రకాలుగా కట్టవచ్చు. షోరూములో ఉన్నట్టు, సొంతంగా మార్పులు చేసినట్టు, పందెం కారులాగా. జపాన్‌లో షిజువోకాలో కొయ్య నమూనాలు చేసే టమియా కంపెనీ కూడా 1960లో ప్లాస్టిక్ వైపు మళ్ళింది. 1967లో హోండా పందెం కారును 1/12 స్కేలులో తెచ్చి పేరు తెచ్చుకుంది.

కొయ్య చెక్కడం రాని పిల్లలు కూడా ఇప్పుడు నమూనా కట్టగలరు. ఇది మంచి విషయమే. కానీ ఒక చిక్కు వచ్చింది. ప్లాస్టిక్ ముక్కలు పోసే ఉక్కు అచ్చుకు చాలా ఖర్చవుతుంది. వేలకొద్దీ పెట్టెలు అమ్ముడైతేనే అచ్చు డబ్బులు తిరిగి వస్తాయి. కాబట్టి కంపెనీలు పిల్లలు ఇష్టపడే రెండు తలుపుల కార్లు, పందెం కార్లే ఎక్కువగా చేశాయి. మామూలు కుటుంబాలు వాడే నాలుగు తలుపుల కార్లకు పెట్టెలు అరుదు. "మా నాన్న నడిపిన కారు నాకు కావాలి" అనుకునేవాడికి రెండే దారులు. ఉన్న పెట్టెల ముక్కలు కోసి అతికించుకోవాలి, లేదా ప్లాస్టిక్ రేకులు, కొయ్య, ఇత్తడి తీగ తీసుకుని మొదటి నుంచి కట్టుకోవాలి.

మొదటి నుంచి కట్టడాన్ని గొప్ప కళగా మార్చినవాళ్ళలో ఇంగ్లండ్‌కు చెందిన జెరాల్డ్ వింగ్రోవ్ ఒకరు. ఆయన మొదట లేత్ మిషన్ మీద పనిచేసే కార్మికుడు. పాతకాలపు కార్లను దగ్గరికి వెళ్ళి కొలిచి, 1/15 లాంటి స్కేలులో ప్రతి భాగాన్నీ స్వయంగా తయారుచేసేవారు. 1978లో తన పద్ధతులన్నీ ఒక పుస్తకంగా రాసి ప్రచురించారు. పనితనం దాచుకోకుండా రాసిపెట్టడం నాకు చాలా నచ్చింది. మన దగ్గర చాలా పనులు చేతి నుంచి చేతికి మాత్రమే వచ్చాయి. చెయ్యి ఆగితే పని కూడా ఆగింది.

పోత ఎప్పటిది?

ఎంత ఓపిక ఉన్నా ఒకే రకం చక్రాన్ని నాలుగుసార్లు ఒకేలా చెక్కడం కష్టం. అందుకే ఒకటి బాగా చేసి, దానికి అచ్చు తీసి, మిగతావి పోత పొయ్యాలి. ఈ ఆలోచన కొత్తది కాదు. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె కంచు బొమ్మ సుమారు 4,500 ఏళ్ళ నాటిది. ఎత్తు 10.5 సెంటీమీటర్లు. మన తమిళనాడులో స్వామిమలైలో ఇప్పటికీ అదే పద్ధతిలో దేవుడి విగ్రహాలు పోస్తున్నారు. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పూసి, కాల్చితే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడతారు.

మా తాత పని ఇనుప పోతకు ప్యాటర్న్ చెయ్యడం. ఆయన కోయంబత్తూరులో ఒక ఫౌండ్రీలో పని నేర్చుకుని, హోసూరులో కర్మాగారాలు వచ్చాక ఇక్కడికి వచ్చాడు. కోయంబత్తూరు అంటే జి.డి. నాయుడు గారి ఊరు. 1893లో పుట్టి 1974లో చనిపోయిన ఆయన ఇంట్లో కూడా మనలాగే తెలుగే మాట్లాడేవాళ్ళు. 1950లలో 2,000 రూపాయలకే చిన్న కారు చెయ్యాలని చూస్తే ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. తాత ఆయన గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ లేచి కూర్చుంటాడు.

ఫౌండ్రీలో కొయ్యతో ప్యాటర్న్ చేసి, ఇసుకలో పెట్టి గట్టిగా దిమ్మిస కొడతారు. ప్యాటర్న్ బయటకు తీస్తే ఇసుకలో దాని ఆకారం ఖాళీగా మిగులుతుంది. అందులో కరిగిన ఇనుము పోస్తారు. ఇక్కడ ఒక తేడా గమనించండి. విగ్రహం పోసేటప్పుడు మైనం బొమ్మ పోతుంది, మట్టి అచ్చు కూడా పోతుంది. ఇసుక పోతలో అచ్చు చెదిరిపోతుంది కానీ ప్యాటర్న్ మిగులుతుంది. ఇక మూలమూ మిగిలి, అచ్చూ మిగిలే పద్ధతుల్లో రబ్బరులాంటి అచ్చు ఒకటి. సిలికోన్ రబ్బరు అచ్చు 20వ శతాబ్దంలో వచ్చింది.

అమెరికాలో 1930లు, 1940లలో కార్నింగ్, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీల రసాయన శాస్త్రవేత్తలు ఫ్రాంక్లిన్ హైడ్, యూజీన్ రోచో సిలికోన్‌ను వాడకంలోకి తెచ్చారు. 1937లో జర్మనీలో ఓటో బాయర్ పాలీయురెథేన్ కనిపెట్టాడు. రెండు ద్రవాలు కలిపితే కొద్ది నిమిషాల్లో గట్టిపడే రెజిన్ దాని నుంచే వచ్చింది. సిలికోన్ రబ్బరు చాలా వస్తువులకు అంటుకోదు. వేలిముద్ర ఉన్నా అచ్చులో పడుతుంది. వంచి తియ్యవచ్చు కాబట్టి లోపలికి వంగిన భాగాలు కూడా విరగకుండా బయటకు వస్తాయి. ఉక్కు అచ్చు పెద్ద కంపెనీకి మాత్రమే సాధ్యమైతే, సిలికోన్ అచ్చు ఒక వంటింటి బల్ల మీద సాధ్యం. పాతిక, ముప్పై పోతలు వచ్చేసరికి అచ్చు చిరుగుతుంది. అయినా ఊరికి పదిమందే అడిగే కారుకు అది చాలు. అలా పెద్ద కంపెనీలు వదిలేసిన నాలుగు తలుపుల కార్లు, జీపులు, పాత మోడళ్ళు చిన్న చిన్న ఇళ్ళలోంచి బయటకు వచ్చాయి. నాకు చరిత్రలో ఇదే ముఖ్యమైన మలుపు అనిపిస్తుంది. పనిముట్టు చౌక అయినప్పుడు ఏ కారును గుర్తుపెట్టుకోవాలో నిర్ణయించే హక్కు కూడా కొంత మామూలు మనుషులకు వచ్చింది.

దీంతో పాటు ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది. వేరేవాళ్ళు నెలల తరబడి కష్టపడి చేసిన ముక్కను కొని, దానికే అచ్చు తీసి, తమ పేరుతో అమ్మేవాళ్ళు ఉన్నారు. నమూనాలు కట్టేవాళ్ళు దీన్ని దొంగతనంగానే చూస్తారు. పోత పొయ్యడం తప్పు కాదు. మూలం ఎవరిదో చెప్పకపోవడం తప్పు.

తాత స్కేలు

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నా స్కేలు విరిగిపోయి, తాత పెట్టెలోంచి ఒక ఉక్కు స్కేలు తీసుకుని బడికి వెళ్ళాను. 15 సెంటీమీటర్ల గీత గియ్యమంటే గీశాను. సార్ కొలిచి, మిల్లీమీటరున్నర ఎక్కువ ఉంది, జాగ్రత్తగా గియ్యి అన్నారు. మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే ఎక్కువ. ఇంటికి వచ్చి తాత మీద కోప్పడితే ఆయన పగలబడి నవ్వాడు.

"అది నీ బడి స్కేలు కాదు పాపా, పోతపని స్కేలు. ఇనుము చల్లారితే కుంగుతుంది. ఎంత కావాలనో అంతే చేస్తే తక్కువ వస్తుంది. అందుకని ముందే ఎక్కువ పెట్టి చేయాల" అన్నాడు.

పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు 1 శాతం కుంగుతుంది. అల్యూమినియం, ఇత్తడి ఇంకా ఎక్కువ కుంగుతాయి. అందుకే ప్యాటర్న్ పనివాళ్ళకు ఒక్కో లోహానికి ఒక్కో స్కేలు ఉంటుంది. అందులో సెంటీమీటరు అని రాసి ఉన్నది నిజానికి సెంటీమీటరు కంటే కొంచెం పెద్దది. చూడడానికి తప్పు స్కేలు, పనికి సరైన స్కేలు.

నా తప్పు

ఇప్పుడు నా సంగతి. తాత కారుకు వెనక బంపరు ఎప్పుడో ఊడి పోయింది. దీపాల రింగులు రెండింటిలో ఒకటి నాన్న చిన్నప్పుడే పోగొట్టారు. తాతకు ఇప్పుడు చేతులు వణుకుతాయి. ఉలి పట్టుకోవడం మానేసి నాలుగేళ్ళయింది. కాబట్టి అవి నేనే చెయ్యాలనుకున్నాను.

బంపరు కోసం మా వీధి చివర నిలిపి ఉన్న పాత అంబాసిడర్‌ను టేపుతో కొలిచాను. 162 సెంటీమీటర్లు. 18తో భాగిస్తే సరిగ్గా 9. ప్లాస్టిక్ రేకు ముక్కలు అతికించి, సందుల్లో మక్కు పెట్టి, నీళ్ళ కాగితంతో రుద్ది మూలం చేశాను. మక్కు అనేది వడ్రంగులు సందులు పూడ్చడానికి వాడే ముద్ద. కొండపల్లి బొమ్మలకు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసేది కూడా మక్కే. నేను అంగడిలో కొన్నది వాడాను. అచ్చు తీసి పోత పోస్తే బంపరు కొంచెం పొట్టిగా వచ్చి కొక్కేల మధ్య వదులుగా ఆడింది. రబ్బరు కొంచెం, రెజిన్ కొంచెం కుంగాయి. తాత ఏమీ అనకుండా పెట్టెలోంచి ఆ ఉక్కు స్కేలు తీసి నా ముందు పెట్టాడు. దాంతో కొలిచి మళ్ళీ చేస్తే సరిపోయింది.

రింగు దగ్గరే పెద్ద తప్పు జరిగింది. మిగిలిన ఒక్క కొయ్య రింగును సగం వరకు బంకమట్టిలో పాతి, పైన సిలికోన్ పోశాను. గట్టిపడ్డాక మట్టి తీసేసి రెండో సగం పొయ్యాలి. సిలికోన్ చాలా వస్తువులకు అంటుకోదని ముందు రాశాను కదా. కానీ ఇంకో సిలికోన్‌కు మాత్రం అంటుకుంటుంది. అందుకే మొదటి సగం మీద వాజిలిన్ పలచగా రాయాలి. నేను ఆ రోజు తొందరలో మరచిపోయాను. మర్నాడు చూస్తే రెండు సగాలూ కలిసి ఒకే ముద్ద అయ్యాయి. లోపల తాత రింగు.

బ్లేడుతో మెల్లగా కోశాను. ముద్ద రెండుగా విడిపోయింది. రింగు కూడా రెండుగా విరిగింది. మా నాన్న కంటే కొంచెమే చిన్నదైన ఆ రింగును నేను ఒక్క సాయంత్రంలో పాడుచేశాను. ఏడుస్తూ ముక్కలు తీసుకెళ్ళి తాతకు చూపించాను. ఆయన ముక్కలు చూడలేదు. రబ్బరు ముద్ద తీసుకుని వెలుతురులో పెట్టి లోపల వేలు తిప్పాడు. "ప్యాటర్న్ పోతే పోనీలే, అచ్చు బాగుంది గదా. ఏడ్చేది ఆపి పోయ్" అన్నాడు.

పోశాను. అది కార్తెల వాన కాలం. రెజిన్‌కు తేమ పడదు, నీరు తగిలితే గాలి పుట్టి నురుగులా పొంగుతుంది. మొదటిది ఇడ్లీలాగా వచ్చింది! రెండు రోజులు ఎండ కాచేదాకా ఆగి, అచ్చును వెచ్చగా ఆరబెట్టి, మళ్ళీ పోశాను. ఈసారి రెండు రింగులు వచ్చాయి. తాత ఉలి గీతలు కూడా పడ్డాయి. వాటితో పాటు నా బ్లేడు కోత గీత కూడా ఒక పక్కన సన్నగా పడింది. రుద్దేస్తే పోతుంది. నేను రుద్దలేదు.

ఇది చదివి ఎవరైనా చెయ్యాలనుకుంటే ఒక మాట. రెజిన్ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాలి వచ్చే చోట, చేతి తొడుగులు వేసుకుని, పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని చెయ్యాలి. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. మా అమ్మ ఈ షరతులు ఒప్పుకున్నాకే నాకు రెజిన్ డబ్బా ఇచ్చింది.

జవాబు

ఇప్పుడు ఆ పెద్దాయన మళ్ళీ వచ్చి అడిగితే తల దించుకోను. ఫిషర్ పోటీలో పిల్లలు అన్నీ తమ చేతులతో చేశారు, కానీ బొమ్మగీత కంపెనీది, బండి నెపోలియన్ కాలంది. అంబాసిడర్ మనది, కానీ మూలం మోరిస్‌ది. మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా ఒక్కరిదే అయిన వస్తువు ఈ చరిత్రలో నాకు ఎక్కడా దొరకలేదు. అందరూ ఎవరో ఒకరి అచ్చులో పోత పోసినవాళ్ళే. ఎవరిది ఎంతో దాచకుండా చెప్పడమే మనం చెయ్యగలిగింది.

మా బడిలో మా తెలుగు కూడా అంతే అనిపిస్తుంది. ఇంటి బయట తమిళం, కన్నడం. టీవీలో ఇంకో తెలుగు. అవ్వకు తెలిసిన మాటల్లో అమ్మకు కొన్ని తగ్గాయి, అమ్మకు తెలిసినవాటిలో నాకు ఇంకొన్ని తగ్గాయి. ప్రతి పోతకూ కొంచెం కుంగుతూ వస్తోంది. అందుకేనేమో మా టీచర్లు పరీక్షకు కావలసిన దానికంటే ఎక్కువే చదివిస్తారు. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు తాత స్కేలు గుర్తొస్తుంది.

ఈ సంవత్సరం కూడా ప్రదర్శనలో అదే కారు పెడుతున్నాను. పక్కన ఒక అట్ట ముక్క మీద ఇలా రాశాను. "ఒళ్ళు, చక్రాలు: మా తాత. సీట్లు: మా అవ్వ. వెనక బంపరు: నేను. దీపాల రింగులు: మూలం తాతది, పోత నాది, గీత నా తప్పు." అవ్వకు చదివి వినిపిస్తే రెండోసారి చదవమంది.